ఎలుక ఎముక మజ్జ మూలకణాలు

ఎలుక ఎముక మజ్జ మూలకణాలు అనగా ప్రయోగశాలలో పెంచిన ఎలుకల పొడవాటి ఎముకలలోని మజ్జ నుండి వేరుచేసి, శరీరం వెలుపల గాజు లేదా ప్లాస్టిక్ పాత్రలలో పెంచి, పరిశోధనలకు వినియోగించే మూలకణాలు. ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలు ఎలా ఏర్పడతాయో తెలుసుకోవడానికి, కొత్త మందుల ప్రభావాన్ని పరీక్షించడానికి, మధుమేహం, స్థూలకాయం, పక్షవాతం వంటి వ్యాధులను అర్థం చేసుకోవడానికి వీటిని ప్రపంచవ్యాప్తంగా ఉపయోగిస్తున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పెంచిన స్థూలకాయ ఎలుకల మజ్జ కణాలపై జరిగిన పరిశోధన 2012లో ప్రచురితమయ్యింది.

ఈ కణాలు పరిశోధనా సాధనాలు మాత్రమే. ఇవి చికిత్సకు ఉపయోగించే మందు కాదు. ఎలుక కణాలను మనుషులకు ఎక్కించరు. ఎలుకలలో లభించిన ఫలితం మనుషులలో కూడా లభిస్తుందని ముందుగా చెప్పడం సాధ్యం కాదు. ఈ రంగం చరిత్రలో తొందరపడి చేసిన ప్రకటనలు తరువాత తప్పని తేలిన సందర్భాలు ఉన్నాయి.

పేరు, పరిభాష

ఇంగ్లీషులో ర్యాట్ అనీ మౌస్ అనీ పిలిచే రెండు వేర్వేరు జంతువులను తెలుగులో సాధారణంగా ఎలుక అనే అంటారు. జీవశాస్త్రం ప్రకారం ఇవి వేర్వేరు ప్రజాతులకు చెందినవి. ర్యాట్ శాస్త్రీయ నామం రాటస్ నార్వేజికస్, మౌస్ శాస్త్రీయ నామం మస్ మస్క్యులస్. ఈ వ్యాసంలో మొదటిదానిని ఎలుక అనీ, రెండవదానిని చిట్టెలుక అనీ వ్యవహరించడమైనది. ఎదిగిన ప్రయోగశాల ఎలుక సుమారు 300 నుండి 500 గ్రాముల బరువు ఉంటే, చిట్టెలుక బరువు 20 నుండి 40 గ్రాములు మాత్రమే. పత్రికలలో "ఎలుకలపై ప్రయోగం విజయవంతం" అనే వార్త చదివినప్పుడు అది ఈ రెండింటిలో దేని గురించో తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే వాటి కణాల ప్రవర్తనలో కూడా భేదాలు ఉన్నాయి.

మూలకణానికి రెండు లక్షణాలు ఉండాలి. మొదటిది, విభజన చెంది తనవంటి కణాలను తిరిగి తయారు చేసుకోగలగడం. రెండవది, అవసరమైనప్పుడు ఒక ప్రత్యేకమైన పని చేసే కణంగా మారగలగడం. రైతు తన పంటలో కొంత భాగాన్ని తిండికి వాడుకొని, కొంత భాగాన్ని వచ్చే ఏటి విత్తనానికి దాచుకుంటాడు. మూలకణాల పద్ధతి కూడా ఇటువంటిదే. విత్తనమంతా తిండికి వాడేస్తే మరుసటి ఏడు పంట ఉండదు. విత్తనం దాచుకోవడమే తప్ప తిండికి వాడకపోతే ఇల్లు గడవదు. శరీరం ఈ రెండింటి మధ్య సమతూకాన్ని జీవితాంతం కాపాడుకుంటుంది.

ఎముక మజ్జలోని మూలకణాలు

ఎముక మజ్జలో ముఖ్యంగా రెండు రకాల మూలకణాలు ఉంటాయి.

రక్తజనక మూలకణాలు: ఎర్ర రక్తకణాలు, తెల్ల రక్తకణాలు, రక్తఫలకికలు ఇవన్నీ ఈ కణాల నుండే పుడతాయి. మనిషి ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవిస్తే, ఎలుక ఎర్ర రక్తకణం సుమారు 60 రోజులు మాత్రమే జీవిస్తుంది. కనుక మజ్జ నిరంతరం కొత్త కణాలను తయారు చేస్తూనే ఉండాలి.

మీసెంకైమల్ మూలకణాలు: వీటినే మజ్జ స్ట్రోమల్ కణాలు అని కూడా అంటారు. ఇవి రక్తకణాలను తయారు చేయవు. రక్తజనక కణాలు నిలిచి పెరగడానికి అవసరమైన పరిసరాలను ఏర్పరచి, వాటికి ఆధారంగా ఉంటాయి. తగిన పరిస్థితులు కల్పిస్తే ఎముక కణాలుగా, మృదులాస్థి కణాలుగా, కొవ్వు కణాలుగా మారతాయి. మజ్జలో ఇవి చాలా అరుదు. మనిషి మజ్జపై 1999లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం కేంద్రకం గల ప్రతి పదివేల నుండి లక్ష మజ్జ కణాలలో ఇటువంటి కణం ఒకటి మాత్రమే ఉంటుంది.

ప్రయోగశాలలో "ఎలుక మజ్జ మూలకణాలు" అని చెప్పినప్పుడు చాలావరకు రెండవ రకం కణాలనే ఉద్దేశిస్తారు. దీనికి కారణం అవి పాత్ర అడుగున అంటుకొని సులభంగా పెరగడమే. రక్తజనక మూలకణాలపై పరిశోధనకు ఎక్కువగా చిట్టెలుకలను వాడతారు, ఎందుకంటే వాటి కణాలను గుర్తించే ప్రతిరక్షకాలు, జన్యుమార్పిడి చేసిన జాతులు ఎక్కువగా అందుబాటులో ఉన్నాయి.

చరిత్ర

రక్తకణాలన్నింటికీ ఒకే మూలకణం ఉండవచ్చునని 20వ శతాబ్దం ఆరంభంలో రష్యా శాస్త్రవేత్త అలెగ్జాండర్ మాక్సిమోవ్ ప్రతిపాదించాడు. 1961లో కెనడాలోని టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ దీనికి ప్రయోగాత్మకమైన ఆధారం చూపారు. వారు రేడియేషన్‌కు గురిచేసిన చిట్టెలుకలకు ఆరోగ్యవంతమైన చిట్టెలుకల మజ్జ కణాలను ఎక్కించారు. కొన్ని రోజుల తరువాత ప్లీహంపై చిన్న చిన్న గడ్డలు కనిపించాయి. తరువాతి పరిశోధనలలో ఒక్కొక్క గడ్డ ఒక్కొక్క కణం నుండి పుట్టినదని తేలింది.

మజ్జలో ఎముకను తయారు చేయగల మరొక జాతి కణాలు ఉన్నాయని 1960లలో, 1970లలో సోవియట్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్, ఆయన సహచరులు నిరూపించారు. పాత్రకు అంటుకొని పెరిగే ఈ కణాలు ఒక్కొక్కటి ఒక్కొక్క గుంపుగా వృద్ధి చెందుతాయని గమనించారు. 1980లలో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన మౌరీన్ ఓవెన్ ఈ పరిశోధనను ముందుకు తీసుకువెళ్ళింది. 1991లో అమెరికా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లన్ వీటికి మీసెంకైమల్ మూలకణాలు అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు.

మనుషులలో మజ్జ మార్పిడిని అభివృద్ధి చేసిన ఇ. డొనాల్ థామస్‌కు 1990లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ చికిత్సకు దారి చూపినవి అంతకు పూర్వం చిట్టెలుకలు, గినీ పందులు, కుక్కలపై జరిగిన ప్రయోగాలే.

మజ్జ పరిశోధన చరిత్రలో భారతదేశానికి, తెలుగువారికి కూడా స్థానం ఉంది. 1928లో బొంబాయి వచ్చి గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశోధించిన ఆంగ్లేయ వైద్యురాలు లూసీ విల్స్, కొంతకాలం కూనూరు ప్రయోగశాలలో కూడా పనిచేసింది. ఎలుకలు, కోతులపై చేసిన ప్రయోగాల ద్వారా ఈస్టు సారంలో ఈ రక్తహీనతను నయం చేసే పదార్థం ఒకటి ఉన్నదని ఆమె గుర్తించింది. అదే తరువాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. ఇది లోపిస్తే వేగంగా విభజన చెందే మజ్జ కణాలు డీఎన్ఏను సరిగా తయారు చేసుకోలేవు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ సంస్థ పరిశోధకులు 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. దానిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందు కూడా అక్కడే తయారయ్యింది. దీనిని సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సర్ సోకిన పిల్లలకు వాడి 1948లో ఫలితాలను ప్రకటించాడు. మజ్జ కణాల విభజనకు తోడ్పడే పదార్థం, దానిని ఆపే మందు రెండూ ఒకే ప్రయోగశాల నుండి రావడం విశేషం.

ప్రయోగశాల ఎలుకలు

పరిశోధనలో వాడేవి పొలాల్లో, ఇళ్ళలో తిరిగే ఎలుకలు కావు. ఇవి తరతరాలుగా నియంత్రిత వాతావరణంలో పెంచిన జాతులు. వాటిలో ముఖ్యమైనవి:

విస్టార్: అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో విస్టార్ సంస్థలో 1906 నుండి అభివృద్ధి చేసిన తెల్ల ఎలుక. నేటి ప్రయోగశాల ఎలుక జాతులలో అనేకం దీని సంతతికి చెందినవే.

స్ప్రాగ్ డాలీ: 1925 ప్రాంతంలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో రూపొందిన జాతి. సాధు స్వభావం కలది. మందుల విషప్రభావ పరీక్షలకు ఎక్కువగా వాడతారు.

లూయిస్, ఫిషర్ 344: దగ్గరి రక్తసంబంధం గల ఎలుకల మధ్య అనేక తరాలు సంతానోత్పత్తి చేయించి రూపొందించిన జాతులు. వీటిలో ఒక ఎలుకకు మరొక ఎలుకకు జన్యుపరంగా తేడా దాదాపు ఉండదు. కనుక ఒక ఎలుక కణాలను మరొక ఎలుకకు ఎక్కించినా శరీరం తిరస్కరించదు. కణ మార్పిడి ప్రయోగాలకు ఇది ఎంతో ఉపయోగకరం.

చిట్టెలుకతో పోలిస్తే ఎలుక ఎముకలు పెద్దవి. ఒక్క ఎలుక నుండే ఎక్కువ మజ్జ లభిస్తుంది. ఎముక విరుపులు, వెన్నుపాము గాయాలు వంటి వాటిపై శస్త్రచికిత్సలు చేయడం కూడా సులభం. 2004లో ఎలుక జన్యుక్రమం ప్రచురితమైన తరువాత వీటిపై పరిశోధన మరింత పెరిగింది.

సేకరించి పెంచే విధానం

ప్రయోగశాలను బట్టి వివరాలు మారినా, సాధారణంగా అనుసరించే పద్ధతి ఇది.

1. సాధారణంగా వయసులో చిన్నవైన ఎలుకలను ఎంచుకుంటారు. వయసు పెరిగిన కొద్దీ మజ్జలో కొవ్వు పెరిగి, మూలకణాల సంఖ్య తగ్గుతుంది.

2. సంస్థ జంతు నైతిక సంఘం ఆమోదించిన పద్ధతిలో, బాధ కలగకుండా ఎలుక ప్రాణం తీస్తారు.

3. తొడ ఎముకలను, మోకాలి క్రింద ముందువైపు ఉండే అంతర్జంఘిక ఎముకలను వేరుచేసి, వాటికి అంటుకొని ఉన్న కండరాన్ని శుభ్రం చేస్తారు. ఇక్కడి నుండి పని అంతా సూక్ష్మజీవులు చేరని శుభ్రమైన గాలి ప్రసరించే అర లోపల జరుగుతుంది.

4. ఎముక రెండు చివరలను కత్తిరించి, సిరంజితో పోషక ద్రవాన్ని ఒక చివర నుండి లోపలికి పంపితే మజ్జ రెండవ చివర నుండి బయటకు వస్తుంది. ఎర్రగా ఉన్న ఎముక తెల్లబడితే మజ్జ అంతా వచ్చిందని గుర్తు.

5. మజ్జను సన్నని జల్లెడ ద్వారా వడగట్టి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పి కణాలను అడుగుకు చేరుస్తారు. కొందరు ఎర్ర రక్తకణాలను రసాయన ద్రావణంతో తొలగిస్తారు.

6. కణాలను సీరమ్, సూక్ష్మజీవనాశకాలు కలిపిన పోషక ద్రవంలో ఉంచి, 37 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ గల ఇంక్యుబేటర్‌లో పెడతారు.

7. ఒకటి నుండి మూడు రోజుల తరువాత ద్రవాన్ని మారుస్తారు. తేలియాడే రక్తకణాలు దానితో పాటు పోతాయి. పాత్ర అడుగున అంటుకొన్న కణాలు మిగులుతాయి. వీటిలో మీసెంకైమల్ కణాలతో పాటు మాక్రోఫేజ్ అనే కణాలు కూడా ఉంటాయి.

8. ఒకటి రెండు వారాలలో కణాలు పాత్రను దాదాపు నింపుతాయి. అప్పుడు ట్రిప్సిన్ అనే ఎంజైముతో వాటిని పాత్ర నుండి విడదీసి, కొత్త పాత్రలలో పలుచగా వేస్తారు.

చివరి దశ వరి సాగు తెలిసినవారికి సులభంగా అర్థమవుతుంది. నారుమడిలో నారు ఒత్తుగా పెరిగిన తరువాత దానిని పీకి, పొలంలో ఎడంగా నాటకపోతే ఎదుగుదల ఆగిపోతుంది. కణాలకు కూడా అంతే. ఇలా ఒకసారి పీకి నాటడాన్ని ఒక పాసేజ్ అంటారు. ప్రతి పాసేజ్‌లో మాక్రోఫేజ్‌ల వంటి అవాంఛిత కణాలు తగ్గుతూ వస్తాయి. అందుచేత అనేక ప్రయోగాలలో మూడవ పాసేజ్ ప్రాంతంలోని కణాలను వాడతారు. మరీ ఎక్కువ పాసేజ్‌లు జరిగితే కణాలు ముసలివై, మారే శక్తిని కోల్పోతాయి. కొన్ని సందర్భాలలో వాటి క్రోమోజోములలో అసాధారణ మార్పులు కూడా వస్తాయి. మిగిలిన కణాలను ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల వద్ద, సంవత్సరాల తరబడి నిల్వ ఉంచవచ్చును.

గుర్తింపు

పాత్రకు అంటుకొన్న ప్రతి కణమూ మూలకణం కాదు. కనుక పరీక్షలు అవసరం. అంతర్జాతీయ కణ చికిత్సా సంఘం 2006లో మనిషి మీసెంకైమల్ కణాలకు మూడు ప్రమాణాలను నిర్దేశించింది. కణాలు ప్లాస్టిక్ పాత్రకు అంటుకొని పెరగాలి. వాటి ఉపరితలంపై కొన్ని నిర్దిష్ట ప్రోటీన్లు ఉండాలి, రక్తకణాలకు చెందిన ప్రోటీన్లు ఉండరాదు. అవి ఎముక, కొవ్వు, మృదులాస్థి అనే మూడు రకాల కణాలుగా మారగలగాలి.

ఎలుక కణాలకు ఈ ప్రమాణాలను యథాతథంగా వర్తింపజేయడం కుదరదు. మనిషి ప్రోటీన్ల కోసం తయారు చేసిన ప్రతిరక్షకాలలో అనేకం ఎలుక ప్రోటీన్లను గుర్తించవు. అందువలన ఎలుక కణాలలో సాధారణంగా సీడీ90, సీడీ29, సీడీ44 అనే ప్రోటీన్లు ఉన్నాయా, సీడీ45, సీడీ11బి అనే రక్తకణ గుర్తులు లేవా అని చూస్తారు.

మూడు రకాలుగా మారే శక్తిని రంగుల ద్వారా పరీక్షిస్తారు. డెక్సామెథాసోన్, ఆస్కార్బిక్ ఆమ్లం, బీటా గ్లిసరోఫాస్ఫేట్ కలిపిన ద్రవంలో కొన్ని వారాలు పెంచితే కణాలు ఎముక కణాలుగా మారి కాల్షియంను నిక్షేపిస్తాయి. దీనికి అలిజరిన్ రెడ్ అనే రంగు వేస్తే ఎర్రగా కనిపిస్తుంది. కొవ్వు కణాలలోని నూనె బిందువులను ఆయిల్ రెడ్ ఓ అనే రంగుతోను, మృదులాస్థిని ఆల్షియన్ బ్లూ అనే రంగుతోను గుర్తిస్తారు.

ఉపయోగాలు

ఎముక మరమ్మతు: తనంతట తానుగా పూడని రంధ్రాన్ని ఎలుక పుర్రె ఎముకలో చేసి, మజ్జ కణాలను కాల్షియం ఫాస్ఫేట్ వంటి పదార్థంతో కలిపి అందులో ఉంచి, కొత్త ఎముక ఏర్పడుతున్నదేమో పరిశీలిస్తారు.

పక్షవాతం: మెదడులో రక్తనాళాన్ని మూసివేసిన ఎలుకలకు మజ్జ స్ట్రోమల్ కణాలను సిరల ద్వారా ఎక్కిస్తే వాటి కదలికలు మెరుగుపడ్డాయని అమెరికాలోని డెట్రాయిట్ పరిశోధకులు 2001లో ప్రకటించారు. ఎక్కించిన కణాలలో మెదడులో మిగిలినవి చాలా తక్కువ. కనుక మేలు జరిగినది ఆ కణాలు నాడీకణాలుగా మారినందువలన కాక, అవి విడుదల చేసిన పదార్థాల వలన అని భావిస్తున్నారు.

మందుల పరీక్ష: ఒక రసాయనం క్రోమోజోములను దెబ్బతీస్తుందేమో తెలుసుకోవడానికి ఎలుకల లేదా చిట్టెలుకల మజ్జలోని లేత ఎర్ర రక్తకణాలను పరిశీలిస్తారు. దీనిని మైక్రోన్యూక్లియస్ పరీక్ష అంటారు. కొత్త మందులను మనుషులపై పరీక్షించే ముందు ఇటువంటి జన్యు భద్రతా పరీక్షలు చేస్తారు.

వ్యాధి నమూనాలు: వ్యాధిగ్రస్తమైన ఎలుక నుండి తీసిన మూలకణాలలో ఆ వ్యాధి లక్షణాలు కనిపిస్తాయేమో అధ్యయనం చేస్తారు. హైదరాబాదులో జరిగిన పరిశోధన ఈ కోవకు చెందినది.

హైదరాబాదులో పరిశోధన

జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనా విభాగంగా ప్రారంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో ప్రస్తుత పేరు పొందింది. కూనూరు కాలం నుండి పెంచుతూ వచ్చిన విస్టార్ ఎలుకల సంతతి కూడా సంస్థతో పాటు హైదరాబాదుకు చేరింది. బయటి ఎలుకలతో కలపకుండా ఇన్ని దశాబ్దాలుగా పెంచిన ఈ జాతిని డబ్ల్యుఎన్ఐఎన్ అనే అక్షరాలతో గుర్తిస్తారు. సంస్థకు చెందిన ప్రయోగశాల జంతు విజ్ఞాన జాతీయ కేంద్రం వీటి పెంపకాన్ని చూసింది.

1990లలో ఈ సంతతిలో అసాధారణమైన లావు గల ఎలుకలు కనిపించాయి. పరిశీలించగా అది జన్యు ఉత్పరివర్తనం వలన సహజంగా ఏర్పడినదని తేలింది. వీటి నుండి రెండు వరుసలను రూపొందించారు. మొదటిది స్థూలకాయం గల డబ్ల్యుఎన్ఐఎన్/ఓబీ. రెండవది స్థూలకాయంతో పాటు గ్లూకోజును సరిగా వినియోగించుకోలేని డబ్ల్యుఎన్ఐఎన్/జీఆర్-ఓబీ. ఈ ఎలుకలు అతిగా తింటాయి. రక్తంలో ఇన్సులిన్ అధికంగా ఉన్నా శరీరం దానికి సరిగా స్పందించదు. కంటి శుక్లాలు, మూత్రపిండాల సమస్యలు వంటివి కూడా వస్తాయి. లావు ఎలుకలకు సంతానం కలగదు. అందుచేత ఒక చెడు జన్యువు మాత్రమే కలిగిన వాహక ఎలుకల ద్వారా ఈ వరుసను నిలుపుకుంటున్నారు. ఒకే ఈతలో పుట్టిన పిల్లలలో బక్కపలుచనివి, వాహకాలు, లావైనవి మూడు రకాలు ఉండడం వలన, తోడబుట్టిన వాటినే పోల్చి చూసే అవకాశం పరిశోధకులకు లభిస్తుంది.

సంస్థ పరిశోధకులు జీఆర్-ఓబీ ఎలుకల మజ్జ మూలకణాలను, వాటి తోబుట్టువులైన బక్క ఎలుకల కణాలను, మాతృ జాతి ఎలుకల కణాలను మూడవ పాసేజ్ వరకు పెంచి పోల్చారు. ఈ ఫలితాలు 2012లో ప్లాస్ వన్ పత్రికలో ప్రచురితమయ్యాయి. లావు ఎలుకల కణాలు మిగిలిన వాటికన్నా వేగంగా విభజన చెందాయి. వాపుకు సంబంధించిన ఐఎల్-6, టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే పదార్థాల జన్యువులు వాటిలో ఎక్కువ చురుకుగా ఉన్నాయి. అవి కొవ్వు కణాలుగా త్వరగా, ఎక్కువ సంఖ్యలో మారాయి. ఇన్సులిన్ తయారు చేసే కణాల వంటి గుంపులుగా వాటిని మార్చినప్పటికీ, అవి అధిక గ్లూకోజుకు స్పందించలేదు.

ఈ కణాలు ఎలుక శరీరాన్ని వదిలి, మూడు తరాల పాటు పాత్రలో, అన్ని ఎలుకల కణాలకూ సమానమైన పోషక ద్రవంలోనే పెరిగాయి. అయినప్పటికీ అవి పుట్టిన శరీరపు వ్యాధి లక్షణాలను నిలుపుకున్నాయి. పరిశోధకులు దీనిని వ్యాధి స్మృతి అని పేర్కొన్నారు. మూలకణం తెల్లకాగితం వంటిదని, ఎక్కడి నుండి తీసినా ఒకే విధంగా పనిచేస్తుందని భావించరాదని దీనినిబట్టి తెలుస్తున్నది. మధుమేహం గల వ్యక్తి స్వంత మజ్జ కణాలతోనే అతనికి చికిత్స చేయవచ్చునా అనే ప్రశ్నకు కూడా ఈ పరిశీలన ముఖ్యమైనది. అయితే ఎలుకలలో గమనించినది మనుషులలో విడిగా నిరూపించవలసి ఉంటుంది.

పరిమితులు, వివాదాలు

2000లో అమెరికా పరిశోధకులు ఎలుక, మనిషి మజ్జ స్ట్రోమల్ కణాలకు కొన్ని రసాయనాలు కలిపితే అవి కొన్ని గంటలలోనే నాడీకణాల ఆకారం పొందాయని ప్రకటించారు. నాడీ వ్యాధులకు పరిష్కారం దొరికిందన్న ఆశ కలిగింది. 2004లో ఇతర పరిశోధకులు ఈ ప్రయోగాన్ని నిశితంగా పరిశీలించారు. ఆ రసాయనాల దెబ్బకు కణం ముడుచుకుపోయి, మధ్యలో గుండ్రంగా, అంచులలో సన్నని పోగులుగా మిగలడమే ఆ ఆకారానికి కారణమని చూపారు. చూడడానికి నాడీకణంలా ఉండడం వేరు, నాడీకణంలా పనిచేయడం వేరు.

చిట్టెలుకల మజ్జ కణాలు గుండె కండరంగా మారతాయని 2001లో వెలువడిన ప్రకటనకు కూడా ఇదే గతి పట్టింది. 2004లో ఇతర ప్రయోగశాలలు ఆ ఫలితాన్ని పొందలేకపోయాయి. ఆ ప్రయోగశాల నుండి వెలువడిన 31 పత్రాలను ఉపసంహరించుకోవాలని 2018లో హార్వర్డ్ వైద్య పాఠశాల, దాని అనుబంధ ఆసుపత్రి కోరాయి.

పేరు విషయంలో కూడా వివాదం ఉంది. వీటిలో నిజమైన మూలకణాలు కొన్ని మాత్రమేనని, ఎక్కువ భాగం మేలు చేసే పదార్థాలను విడుదల చేసే సాధారణ కణాలేనని పలువురు శాస్త్రవేత్తల అభిప్రాయం. మూలకణాలు అనే పేరును ప్రచారంలోకి తెచ్చిన కాప్లన్ స్వయంగా 2017లో ఆ పేరు మార్చాలని ప్రతిపాదించాడు. ఆ పేరు రోగులలో లేనిపోని ఆశలు కలిగిస్తున్నదని ఆయన అభ్యంతరం.

జంతు సంక్షేమం, చట్టాలు

మజ్జ సేకరణ కోసం ఎలుక ప్రాణం తీయవలసి వస్తుంది కనుక, ప్రయోగం అవసరమా కాదా అనే ప్రశ్న మొదటే రావాలి. 1959లో విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్తలు మూడు సూత్రాలను ప్రతిపాదించారు. వీలైనచోట జంతువుకు బదులు వేరే పద్ధతి వాడాలి. తప్పనిసరైతే జంతువుల సంఖ్యను తగ్గించాలి. వాడిన వాటికి బాధ తగ్గేలా పద్ధతులను మెరుగుపరచాలి.

భారతదేశంలో జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960 క్రింద జంతు ప్రయోగాల పర్యవేక్షణకు ఒక కేంద్ర కమిటీ ఉంది. 1998 నియమాల ప్రకారం జంతు ప్రయోగాలు చేసే ప్రతి సంస్థ ఈ కమిటీ వద్ద నమోదు చేసుకోవాలి. ప్రతి ప్రయోగానికి సంస్థలోని జంతు నైతిక సంఘం ముందుగా అనుమతి ఇవ్వాలి. ఎన్ని ఎలుకలు కావాలో, ఎందుకు కావాలో దరఖాస్తులో వివరించాలి. 2023లో కేంద్ర ప్రభుత్వం కొత్త మందుల నియమాలను సవరించి, జంతువులు అవసరం లేని పరీక్షా పద్ధతులకు కూడా అవకాశం కల్పించింది.

ఒక ఎలుక నుండి తీసిన కణాలను పెంచి, నిల్వ చేసి, అనేక ప్రయోగాలకు వాడుకోవడం జంతువుల సంఖ్యను తగ్గించే మార్గాలలో ఒకటి. సరిగా ప్రణాళిక లేని ప్రయోగంలో ఎలుక ప్రాణం, ప్రజాధనం రెండూ వృథా అవుతాయి.

మనుషుల చికిత్సతో సంబంధం

ఖమ్మం జిల్లాలోని కల్లూరు, సత్తుపల్లి ప్రాంతాల నుండి భద్రాచలం వరకు గల అటవీ సరిహద్దు గ్రామాలకు మజ్జ పరిశోధన దూరపు విషయంగా తోచవచ్చును. కాని మధ్య, దక్షిణ భారతదేశాలలోని గిరిజన సముదాయాలలో కనిపించే సికిల్ సెల్ వ్యాధి మజ్జలో తయారయ్యే ఎర్ర రక్తకణాలకు సంబంధించినదే. తల్లి నుండి, తండ్రి నుండి కూడా లోపభూయిష్టమైన జన్యువు సంక్రమించిన పిల్లలలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారం పొంది, సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. తీవ్రమైన నొప్పి, రక్తహీనత కలుగుతాయి. భారతదేశంలో ఈ జన్యువును మొదట 1952లో నీలగిరి ప్రాంతపు గిరిజనులలో గుర్తించారు. 2047 నాటికి దీనిని నిర్మూలించే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

ఈ వ్యాధిని పూర్తిగా నయం చేయగల చికిత్స, సరిపోయే దాత నుండి రక్తజనక మూలకణాల మార్పిడి. చాలావరకు ఆ దాత తోబుట్టువే అయి ఉంటారు. రోగి స్వంత రక్తజనక మూలకణాల జన్యువును సవరించి తిరిగి ఎక్కించే చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా దేశాలు అనుమతి ఇచ్చాయి. ఈ వ్యాధి ఎలుకలలో సహజంగా రాదు. అందుచేత మనిషి హీమోగ్లోబిన్ జన్యువులను చొప్పించిన చిట్టెలుకలను 1997లో రూపొందించి పరిశోధనకు వాడుతున్నారు. ఏ ప్రశ్నకు ఏ జంతువు తగినదో ముందుగా నిర్ణయించుకోవాలనడానికి ఇది ఉదాహరణ.

మీసెంకైమల్ కణాల విషయం వేరు. మనిషి మజ్జ నుండి తయారు చేసిన ఒక ఉత్పత్తికి, మజ్జ మార్పిడి తరువాత పిల్లలలో వచ్చే ఒక తీవ్రమైన సమస్యకు గాను, 2024 డిసెంబరులో అమెరికా అనుమతి లభించింది. ఇటువంటి అనుమతులు ఒక్కొక్క వ్యాధికి, విస్తృతమైన పరీక్షల తరువాత మాత్రమే లభిస్తాయి. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధమైన వ్యాధులకు రక్తజనక మూలకణాల మార్పిడి ఆమోదించబడిన చికిత్స. అనుమతి పొందని ఇతర మూలకణ ప్రయోగాలను నమోదైన క్లినికల్ ట్రయల్‌లో భాగంగా మాత్రమే చేయాలి.

అందుచేత ఎవరైనా మూలకణ చికిత్స సూచించినప్పుడు రోగి బంధువులు ఈ క్రింది విషయాలు అడిగి తెలుసుకోవాలి.

• ఇది ఆమోదించబడిన చికిత్సయా, లేక ప్రయోగ దశలో ఉన్నదా?
• ప్రయోగ దశలో ఉంటే అది భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైనదా? నమోదు సంఖ్య ఎంత?
• చూపిస్తున్న ఫలితాలు మనుషులవా, ఎలుకలవా?
• ప్రయోగంలో భాగమైతే డబ్బు ఎందుకు వసూలు చేస్తున్నారు?

ఎలుకలలో ఫలితం వచ్చిందన్న కాగితాన్ని చూపి, పొలం అమ్మి అయినా చికిత్స చేయించుకోమని చెప్పేవారిని నమ్మరాదు. ఎలుక మజ్జ కణాలతో శాస్త్రజ్ఞులు పరిశోధన ప్రారంభిస్తారు. అక్కడి నుండి రోగి వరకు దాటవలసిన మెట్లు చాలా ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

• ఎముక మజ్జ
• మూలకణాలు
• సికిల్ సెల్ వ్యాధి
• యల్లాప్రగడ సుబ్బారావు
• జాతీయ పోషకాహార సంస్థ
• మధుమేహం